ఫ్లష్ తొట్టి ఎలా పనిచేస్తుంది? ఓవర్‌ఫ్లో గొట్టాన్ని ఎందుకు మూయకూడదు?

టైఫాయిడ్ తగ్గిన ఒక పెద్దావిడను డిశ్చార్జి చేస్తున్న రోజు. ఏ పూట ఏ మాత్ర వేయాలో, ఏం తినిపించాలో, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో సిస్టర్ కాగితం మీద రాసి వివరిస్తోంది. పక్కన నిలబడిన కోడలు అంతా విని, చివరకు కాస్త మొహమాటంగా అడిగింది.

"సిస్టర్, మా ఇంట్ల లెట్రిన్ ఒక్కటే. తొమ్మిది మందిమి ఉంటం. గొలుసు మూడు నాలుగు సార్లు గుంజితే గాని నీళ్ళు రావు. అత్తమ్మకు చెయ్యి అంత పైకి లేవదు. ఎట్ల చెయ్యాలె?"

వాళ్ళది పత్తర్‌గట్టి. కింద దుకాణాలు, పైన కాపురాలు. మాటల్లో ఇంకో సంగతి కూడా తెలిసింది. ఫ్లష్ తొట్టి పక్క నుంచి గోడ బయటికి వచ్చిన సన్నటి గొట్టంలోంచి నీళ్ళు కారి, కింద బట్టల దుకాణం పందిరి మీద పడుతున్నాయట. దుకాణం సేటు రోజూ గొడవ పెట్టుకుంటుంటే, విసిగిపోయి ఆ గొట్టం మూతిలో గుడ్డ కుక్కేశారు. "ఇప్పుడు కారుతలేదు సిస్టర్, ఆ లొల్లి పోయింది" అంది ఆ అమ్మాయి.

గొలుసు సంగతి చిన్నది. గుడ్డ సంగతే పెద్దది. ఆ రోజు వార్డులో నిలబడి సిస్టర్ చెప్పగలిగింది కొంతే. మిగిలినది ఇక్కడ రాస్తున్నాం. రోగిని ఇంటికి తీసుకెళ్ళే ప్రతి కుటుంబానికీ ఇది పనికొస్తుంది. ఆసుపత్రిలో మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి మనుషులు ఉంటారు. ఇంట్లో ఆ పని మీదే.

పత్తర్‌గట్టికీ మురుగునీటికీ ఉన్న పాత సంబంధం

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలాది మంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరదను ఆపడానికి జలాశయాలు కట్టమని, నగరానికి మంచి డ్రైనేజీ ఏర్పాటు చేయమని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేసింది. ఇప్పుడు మనం పత్తర్‌గట్టిలో చూసే రాతి కమానుల దుకాణాల వరుస ఆ కాలపు పనే.

అంతకు ముందు పాత ఇళ్ళలో మరుగుదొడ్డి అంటే పొడి దొడ్డే. రోజూ ఎవరో ఒక మనిషి వచ్చి చేతులతో ఎత్తి, తల మీద మోసుకుపోవాలి. సాటి మనిషి చేత అలాంటి పని చేయించడం మన దేశంలో చట్టప్రకారం నేరం కావడానికి 1993 దాకా పట్టింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. ఆ పని అవసరం లేకుండా చేసే ఏర్పాటులో ఒక ముఖ్యమైన భాగం తల పైన వేలాడే ఈ నీళ్ళ తొట్టి. మలాన్ని మనిషి మోయకుండా నీరు మోసుకుపోతుంది. బైబిలు చదివేవారికి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. పాళెం వెలుపల గుంట తవ్వి, మలాన్ని మట్టితో కప్పాలని అక్కడ ఉంది. మలాన్ని మనుషులకు దూరంగా పెట్టాలన్న జాగ్రత్త అంత పాతది.

సైఫన్ అంటే ఏమిటి?

రేషను షాపులో కిరోసిన్ పోసిన రోజులు గుర్తున్నవారికి ఇది కొత్త కాదు. పీపాలో రబ్బరు గొట్టం పెట్టి, రెండో చివరను ఒక్కసారి పీల్చి కిందికి వదిలితే చాలు, ఇక పంపు అక్కర్లేకుండా కిరోసిన్ దానంతట అదే పారుతుంది. గొట్టం పీపా అంచు దాకా పైకి ఎక్కి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. నీళ్ళయినా కిరోసిన్ అయినా పైకి ఎక్కవు కదా, ఇదెలా ఎక్కింది?

కిందికి దిగిన గొట్టంలో ఉన్న ద్రవం బరువు కొద్దీ జారుతూ, వెనకాల ఉన్నదాన్ని లాక్కుపోతుంది. పీపాలో ఉన్న ద్రవం మీద గాలి ఒత్తిడి పనిచేస్తూ దాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఇది జరగాలంటే ముందు గొట్టం నిండాలి. బయటి చివర పీపాలోని మట్టం కంటే కిందుగా ఉండాలి. మధ్యలో గాలి దూరకూడదు. గాలి దూరిన క్షణంలో ధార తెగిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ అవసరమవుతుంది.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. కిరోసిన్‌ను, పెట్రోలును నోటితో పీల్చకండి. అది కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ఎక్కువ ప్రమాదం. పిల్లలు పొరపాటున తాగితే బలవంతంగా వాంతి చేయించకండి. వాంతి అవుతుంటే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

గొలుసు తొట్టిలో జరిగేది

పాత ఇళ్ళలో తల పైన ఉండే ఇనుప తొట్టి మూత తీసి చూస్తే మధ్యలో గంటలాంటి బరువైన ఇనుప ముక్క బోర్లించి కనిపిస్తుంది. ఆ గంట లోపల, తొట్టి అడుగు నుంచి ఒక గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. ఆ గొట్టం కింద బేసిన్‌లోకి దిగుతుంది. దాని పై అంచు నీటి మట్టం కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది. అందుకే తొట్టి నిండా నీళ్ళున్నా ఊరికే ఒక్క చుక్క కూడా కిందికి పోదు.

గొలుసు లాగితే గంట పైకి లేస్తుంది. వదిలితే బరువుతో ధబ్బున కింద పడుతుంది. పడేటప్పుడు లోపలి నీటిని ఒక్కసారిగా పైకి తోస్తుంది. ఆ నీరు నిలువు గొట్టం అంచు దాటి లోపలికి దూకుతూ, అక్కడి గాలిని తనతో తోసుకుపోతుంది. అంతే, సైఫన్ మొదలైంది. తొట్టిలోని నీరంతా గంట అడుగు నుంచి దూరి, పైకి ఎక్కి, గొట్టంలోకి దిగి పోతూనే ఉంటుంది. నీటి మట్టం గంట అంచు దాకా దిగగానే గాలి దూరుతుంది, గరగరమని చప్పుడు చేసి ధార తెగుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే తొట్టి తన పని పూర్తిగా చేసిందని అర్థం.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నీళ్ళు గొలుసు లాగినప్పుడు రావు, వదిలినప్పుడు వస్తాయి. నీళ్ళు రావడం లేదని గొలుసు పట్టుకుని వేలాడితే గంట పైనే ఉండిపోతుంది. పూర్తిగా లాగి, చటుక్కున వదలాలి. పెద్దావిడ కోడలికి ఆ రోజు సిస్టర్ మొదట చెప్పింది ఇదే. గొలుసుకు ఒక నైలాన్ తాడు కట్టి, నడుము ఎత్తు దాకా దించి, చివర చేతికి ఇమిడే కర్రముక్క కట్టమని కూడా చెప్పింది.

తర్వాత వచ్చిన ప్లాస్టిక్ తొట్లలో గంట లేదు, గొలుసు లేదు. పక్కన పిడి ఉంటుంది. లోపల వంపు తిరిగిన ప్లాస్టిక్ సైఫన్, దాని అడుగున రంధ్రాలున్న బిళ్ళ, బిళ్ళ మీద పల్చటి ప్లాస్టిక్ పొర. పిడి తిప్పితే బిళ్ళ పైకి లేచి నీటిని వంపు దాటిస్తుంది. పిల్లలు పిడిని మెల్లగా తిప్పితే నీరు వంపు దాకా ఎక్కక వెనక్కి జారిపోతుంది. పొర చినిగినా అంతే, ఎంత తిప్పినా సగం నీరు పక్క నుంచి జారిపోతుంది. మూడు నాలుగు సార్లు తిప్పితే గాని ఫ్లష్ కాని తొట్టిలో చాలాసార్లు జబ్బు ఈ పొరదే. కొత్త పొరకు అయ్యే ఖర్చు స్వల్పం. తొట్టినే మార్చాలని ఎవరైనా చెబితే ముందు పొర చూపించమనండి.

సైఫన్ గొట్టంలో పగులు ఉంటే మధ్యలో గాలి దూరి ధార త్వరగా తెగిపోతుంది. తొట్టిలో నీరు సగమే నిండుతుంటే సైఫన్ మొదలే కాదు. నిండినప్పుడు నీటి మట్టం ఓవర్‌ఫ్లో రంధ్రం కంటే సుమారు ఒక అంగుళం కిందుగా ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బంతి కడ్డీని కొంచెం పైకి సర్దాలి.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నవి పైన రెండు బటన్లున్న తొట్లు. చిన్న బటన్‌కు సుమారు 3 లీటర్లు, పెద్దదానికి 6 లీటర్లు పోతాయి. పాత తొట్లు ఒక్కోసారికి 10 లీటర్లు, ఇంకా ఎక్కువే వాడేవి. నీటి పొదుపులో బటన్ తొట్టిదే పైచేయి. కానీ దానిలో సైఫన్ లేదు. అడుగున రంధ్రం, దాన్ని మూసే రబ్బరు వాషరు, అంతే. ఆ వాషరు అరిగినా, దాని కింద ఇసుక రేణువు చిక్కినా నీరు రాత్రింబగళ్ళు చప్పుడు లేకుండా బేసిన్‌లోకి జారుతుంది. ఇంగ్లండులో ఈ భయంతోనే చాలాకాలం సైఫన్ తొట్టినే తప్పనిసరి చేశారు. అడుగున వాషరు ఉండే తొట్లను అక్కడ 2001 నుంచి మాత్రమే అనుమతించారు.

మీ ఇంట్లో బటన్ తొట్టి ఉంటే రాత్రి పడుకోబోయే ముందు మూత తీసి, బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు నీటిలో వేయండి. అరగంట దాకా ఎవరూ ఫ్లష్ చేయకండి. బేసిన్‌లో నీలం కనిపిస్తే వాషరు లీకవుతున్నట్టే.

ఓవర్‌ఫ్లో గొట్టం ఎందుకు?

తొట్టిలోకి నీరు బాల్ కాక్ ద్వారా వస్తుంది. నీరు పెరిగే కొద్దీ బంతి తేలుతుంది, బంతి కడ్డీ కుళాయిని మూస్తుంది. బంతికి చిల్లు పడి లోపలికి నీరు చేరితే అది తేలదు. వాషరు అరిగితే కుళాయి పూర్తిగా మూసుకోదు. మన దగ్గర బోరు నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకుని కూడా మూసుకోదు. అప్పుడు నీరు పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరిగిన నీటికి దారి ఇవ్వడానికే ఓవర్‌ఫ్లో గొట్టం.

ఇంగ్లండు ప్లంబర్లు దీన్ని 'హెచ్చరిక గొట్టం' అనే పిలుస్తారు. మన పేరు కంటే ఆ పేరే బాగుంది. అది గోడ బయటికి, నలుగురికీ కనిపించే చోటికి పెట్టడం కావాలని చేసిన పని. నీరు కారుతుంటే ఎవరో ఒకరు చూసి చెప్పాలి, ఇంటివాళ్ళు బాల్ కాక్ బాగు చేయించాలి. పత్తర్‌గట్టి దుకాణం సేటు కోపంతో చేసినా, ఆ గొట్టం కోరుకున్న పనే చేశాడు. ఇప్పటి తొట్లలో ఓవర్‌ఫ్లో బయటికి రాదు. ఎక్కువైన నీరు లోపలి గొట్టం గుండా బేసిన్‌లోకే పోతుంది. గొడవ ఉండదు, కనిపించదు కూడా. అందుకని వారానికి ఒకసారి మూత తీసి చూడటం అలవాటు చేసుకోవాలి.

కారే నీరు ఎంత ఉంటుందో ఒక లెక్క చూద్దాం. లీటరు మగ్గు రెండు నిమిషాల్లో నిండేంత సన్నటి ధార అనుకోండి. గంటకు 30 లీటర్లు, రోజుకు 720 లీటర్లు, నెలకు 21,600 లీటర్లు. 2021 జనవరిలో హైదరాబాదులో ప్రారంభమైన ఉచిత నీటి పథకంలో ఇంటికి నెలకు పెట్టిన పరిమితి 20,000 లీటర్లు. అంటే ఇంట్లో ఎవరూ చుక్క నీరు వాడకముందే ఆ సన్నటి ధార ఒక్కటే అంత నీటినీ తాగేస్తుంది.

గుడ్డ కుక్కితే ఏమవుతుంది? నీరు పెరగడం ఆగదు. బయటికి దారి లేక అది నిలువు గొట్టం అంచు దాటి బేసిన్‌లోకి కనపడకుండా జారుతుంది. లేదా ఇంకా పైకి లేచి బాల్ కాక్ మూతిని ముంచుతుంది. ఏది ముందు జరుగుతుందనేది తొట్టి తయారీని బట్టి ఉంటుంది. మొదటిది జరిగితే నీరు దండగ. రెండోది జరిగితే ఆరోగ్యానికే ప్రమాదం.

అదే సైఫన్, ఈసారి వెనక్కి

మన నగరంలో చాలా బస్తీలకు నల్లా నీరు రోజంతా రాదు. నిర్ణీత సమయానికి వదిలి, తర్వాత ఆపేస్తారు. ఆపిన తర్వాత కింది ఇళ్ళవాళ్ళు కుళాయి తిప్పి మిగిలిన నీరు పట్టుకుంటారు. పై అంతస్తుల గొట్టాల్లోని నీరు కిందికి దిగుతుంది. దిగుతూ వెనకాల ఉన్నదాన్ని లాగుతుంది. ఆ సమయంలో పై ఇంటి నల్లా తిప్పితే నీరు రాకపోగా సుయ్‌మని గాలిని లోపలికి పీలుస్తుంది. అరచెయ్యి పెడితే అంటుకుంటుంది. చాలామంది ఇళ్ళలో ఇది చూసే ఉంటారు. ఎవరైనా నల్లా గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. అలా మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధం కూడా.

గొట్టం గాలిని పీల్చినంత సేపు భయం లేదు. గొట్టం మూతి నీటిలో మునిగి ఉంటే గాలికి బదులు ఆ నీటిని పీలుస్తుంది. కిరోసిన్ పీపాలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పీపా స్థానంలో ఫ్లష్ తొట్టి, రబ్బరు గొట్టం స్థానంలో మంచినీటి పైపు. నీరు తిరిగి వచ్చినప్పుడు ఆ మురికి ముందుగా ఎవరి బిందెలో పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే బాల్ కాక్ మూతికీ నిండిన నీటికీ మధ్య గాలి ఖాళీ ఉంచుతారు. గాలి దూరితే సైఫన్ తెగిపోతుందని పైన చెప్పుకున్నాం కదా. ఆ ఖాళీని కాపాడేది ఓవర్‌ఫ్లో గొట్టమే. అందులో గుడ్డ కుక్కితే ఆ ఖాళీ పోతుంది.

ఫ్లష్ తొట్టిలో ఉండేది మలం కాదు, నిజమే. తుప్పు, పాచి, దోమ పిల్లలు, వాసన బిళ్ళ మందు కలిసిన నీరు. అది తాగే నీరు కాదు, అంతవరకే. ఇంతకంటే ప్రమాదకరమైనవి ఇంట్లో రెండున్నాయి. ఒకటి, కమోడ్ లోపల బిగించే జెట్ గొట్టం. దాని మూతి మలం తగిలే చోటే ఉంటుంది. రెండోది, రోగి మలం అంటిన దుప్పట్లు నానబెట్టిన బకెట్టులో మునిగి ఉన్న రబ్బరు గొట్టం. ఈ రెండూ నేరుగా నల్లా లైనుకు తగిలించి ఉంటే, నీరు ఆగిన గంటలో ఏం జరగవచ్చో మీరే ఊహించండి.

పత్తర్‌గట్టి పెద్దావిడకు టైఫాయిడ్ ఆ తొట్టి వల్లే వచ్చిందని మేం అనడం లేదు. అది తేల్చడం కష్టం, బయట తిన్న కోసిన పండ్ల వల్ల కూడా రావచ్చు. కానీ మంచినీటి గొట్టంలోకి మురికి చేరితే ఏమవుతుందో హైదరాబాదుకు తెలుసు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నీరు తాగి పలువురు చనిపోయారు, వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడ కారణం ఫ్లష్ తొట్టి కాదు, మంచినీటి లైన్లలోకి మురుగు చేరడం. దారి వేరైనా, చేరేది మాత్రం మన చెంబులోకే.

కాబట్టి మరుగుదొడ్డికి నీరు మిద్దె మీది ట్యాంకు నుంచి రావాలి, తాగేనీటి నల్లా నుంచి నేరుగా రాకూడదు. బకెట్టు నింపేటప్పుడు గొట్టం చివర నీటికి పైనే ఉండాలి, బకెట్టు అంచు దాటి లోపలికి దిగకూడదు. జెట్ గొట్టానికీ చేతి షవరుకూ ఉన్న కుళాయి వాడగానే కట్టేయాలి. నల్లా వచ్చిన మొదటి కొద్ది నిమిషాల నీరు తాగడానికి పట్టకండి, బాత్రూం కడగడానికి వాడండి. రంగు, వాసన తేడాగా ఉంటే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేయండి. రోగి ఉన్న ఇంట్లో తాగేనీటిని బుడగలు వచ్చేదాకా మరిగించి, చల్లార్చి, మూతపెట్టి వాడండి.

ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి పల్చటి వల గుడ్డ మాత్రం కట్టవచ్చు, కట్టాలి కూడా. నీరు బయటికి పోతుంది, దోమ లోపలికి పోదు. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇలాంటి నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వాడని మరుగుదొడ్డి ఉంటే వారానికి ఒకసారైనా ఫ్లష్ చేసి, తొట్టి మూత సరిగ్గా ఉందో లేదో చూడండి.

బేసిన్ అడుగున నిలిచిన నీరు

ఫ్లష్ అయిన తర్వాత బేసిన్ అడుగున కొంచెం నీరు నిలిచి ఉంటుంది. అది మిగిలిపోయిన నీరు కాదు. వంపు గొట్టంలో నిలబెట్టిన నీటి తలుపు. డ్రైనేజీ నుంచి వచ్చే వాసన, గాలి, బొద్దింకలు ఇంట్లోకి రాకుండా అది ఆపుతుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు ఈ వంపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. బాత్రూం మూలన ఉండే నహానీ ట్రాప్‌లోనూ ఇదే నీటి తలుపు ఉంటుంది. వాడకపోతే అది ఎండిపోతుంది.

ఎండితే ఏమవుతుందో 2003లో హాంకాంగ్ చూసింది. అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లకు సార్స్ జబ్బుతో విరేచనాలవుతున్న ఒక రోగి వచ్చి వెళ్ళాడు. కొద్ది రోజుల్లోనే అక్కడ 300 మందికి పైగా ఆ జబ్బు సోకింది. బాత్రూం నేలలోని ట్రాపులు ఎండిపోయి ఉండటం, వాటిగుండా మురుగు గొట్టంలోని తుంపర్లు ఇళ్ళలోకి చేరడం ఒక ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. వాడని బాత్రూంలో వారానికి రెండు మగ్గుల నీరు పోస్తే ఆ తలుపు మూసే ఉంటుంది.

మిద్దె దాకా పోయే గాలి గొట్టం సంగతి కూడా ఇంతే. ఒక్కసారిగా నీరు దిగినప్పుడు దాని వెనక గాలి అందకపోతే, సైఫన్ ఈ నీటి తలుపును కూడా లాక్కుపోతుంది. పై అంతస్తు వేసేటప్పుడు ఆ గొట్టాన్ని కోసి మూసేయకండి, ఇంకా పైకి పొడిగించండి.

రోగి ఇంటికి వచ్చాక

టైఫాయిడ్ రోగికి జ్వరం తగ్గినా కొన్ని వారాల పాటు మలంలో క్రిములు రావచ్చు. కొద్దిమందిలో ఏళ్ళ తరబడి వస్తాయి. హెపటైటిస్ ఏ, ఈ రకం పచ్చకామెర్లు, కలరా, రక్తవిరేచనాలు కూడా మలం ద్వారానే ఇంట్లో ఇతరులకు సోకుతాయి. ఇంట్లో గర్భిణి ఉంటే హెపటైటిస్ ఈ విషయంలో చాలా జాగ్రత్త అవసరం, అది వారి ప్రాణానికే ముప్పు తేగలదు.

ఫ్లష్ చేసే ముందు కమోడ్ మూత వేయండి. గొలుసు చివర, పిడి, బటన్, చెంబు, తలుపు గడియ, వీటిని అందరూ ముట్టుకుంటారు కాబట్టి రోజూ ఫినాయిల్‌తోనో బ్లీచింగ్ నీటితోనో తుడవండి. బ్లీచింగ్‌ను, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బ్లీచింగ్ పౌడరును ఫ్లష్ తొట్టిలో వేయడం కూడా మంచిది కాదు, వాషర్లు, ఇనుము పాడవుతాయి. బెడ్‌పాన్‌ను కమోడ్‌లోనే ఒంపాలి, నహానీ మూలన కడగకూడదు. ఆ తర్వాత రెండు చేతులూ సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. డైపర్లు, ప్యాడ్లు, దూది ఫ్లష్‌లో వేయకండి.

తొట్టి పని చేయకపోతే మగ్గులతో పోసి లాభం లేదు. మగ్గు నీరు పైపైన జారిపోతుంది, మలాన్ని వంపు దాటించలేదు. బకెట్టులో ముప్పాతిక వంతు నీరు తీసుకుని, నడుము ఎత్తు నుంచి ఒక్కసారిగా పోయండి. తొట్టి కూడా చేసేది ఇదే, ఎక్కువ నీరు, తక్కువ సమయంలో.

రెండు వారాల తర్వాత ఆ పెద్దావిడ చెకప్‌కు వచ్చింది. ఈసారి కొడుకు తోడు వచ్చాడు. గుడ్డ తీసేశామని, బంతికి చిల్లు ఉంటే కొత్తది వేయించామని చెప్పాడు. నల్లాకు నేరుగా ఉన్న కనెక్షన్ విప్పి మిద్దె ట్యాంకు నుంచి ఇవ్వడానికి మాత్రం ప్లంబరు ఇంకా రాలేదట. అప్పటిదాకా తొట్టి కింది యాంగిల్ కాక్ కట్టేసి, బకెట్టుతో పోస్తున్నారు. అది సరైన పనే. పెద్దావిడ మాత్రం తాడు కొంచెం పొట్టిగా కట్టారని కోడలి మీద ఫిర్యాదు చేసింది.